ప్యాడ్ వచ్చింది సరే, అందులో మన డోలు ఏది?



మనం చందాలేసుకుని హనుమకొండలో కొన్న ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ను వారం నుంచి వాయిస్తున్నం. వస్తువు మంచిదే. దెబ్బ బలాన్ని బట్టి శబ్దం పెరుగుతది, తగ్గుతది. వానకు తోలు మెత్తబడే బాధ లేదు, మంట దగ్గర కాచే పని లేదు. హాస్టల్లో రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్రాక్టీస్ చేయొచ్చు.

అందులో తబలా ఉంది, ఢోలక్ ఉంది, ఆఫ్రికా జెంబే కూడా ఉంది. కోయ డోలు లేదు, లంబాడా నంగారా లేదు. అడిగేటోళ్లు లేకపోతే కంపెనీ ఎందుకు పెడతది?

అయితే మనం రికార్డు చేసిన శబ్దాన్ని పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకోవచ్చు. అసలు పని అక్కడుంది.

కానీ డోలంటే శబ్దమొక్కటే కాదు. మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య తాత డోలు కొడుతూ సమ్మక్క-సారలమ్మ కథ పాడేటోడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూసిండు. ప్యాడ్‌లో దెబ్బ దొరుకుతది, ఆ కథ దొరకదు.

అందుకే నా మాట ఇది. సెలవులకు ఊరికి పోయినోళ్లు పెద్దల దెబ్బను, దాని వెనక పాటను, రెండింటినీ రికార్డు చేయాలె. వాళ్లను అడిగే చేయాలె. ఫైలుకు వాయించినాయన పేరే పెట్టాలె. ప్రోగ్రాంకు డబ్బులొస్తే ఆయన వాటా ఆయనకియ్యాలె.

కాలేజీ ఫంక్షన్లో ప్యాడ్ కొడదాం. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి మేడారం గద్దెకు వచ్చేటప్పుడు మాత్రం డోలే మోగాలె.

మీరేమంటరో రాయండి.