కనుమ ఎవరి పశువులకి?

జనవరి మొదటి వారం దాటిందంటే చాలు, పేపర్ల ఆదివారం అనుబంధాల నిండా ఒకటే పల్లెటూరు. మట్టి గోడల ఇల్లు, వాకిట్లో ముగ్గు, కొమ్ములకి రంగు పూసిన ఎద్దులు, గంప కింద కోడిపిల్లలు, దూడ మెడలో మువ్వలు. ఉన్నదాంట్లో సర్దుకుని జీవాలతో కలిసి బతికే బతుకు ఎంత గొప్పదో, దాన్ని ఎంత పోగొట్టుకున్నామో రాస్తారు. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ కార్లలో వచ్చినవాళ్లు మూడు రోజులుండి, ఆవు పక్కన ఫొటో దిగి, అరిసెలు డబ్బాలకెత్తుకుని పోతారు. వాళ్లు రావటం మాకూ ఇష్టమే. పుట్టిన ఊరిని మరిచిపోనివాళ్లతో మాకు తగువు లేదు. మా తగువల్లా ఆ బొమ్మతోనే. అందులో మా ఇల్లు లేదు, మా జీవాలు లేవు.

మేము ఎరుకలం. పల్నాడు జిల్లా శావల్యాపురం చుట్టుపక్కల ఊళ్ల అంచున ఉంటాం. పందులు పెంచుతాం, బుట్టలు అల్లుతాం, మిరపకాయ కోతలకి పోతాం. మాలో కొందరం చదువుకుని ట్రైనింగు చేసి బడిపంతుళ్లమయ్యాం. తక్కువతో బతకటం ఎట్లాగో, జీవాన్ని ఇంటి మనిషిలా చూసుకోవటం ఎట్లాగో అనుబంధాలు చదివి నేర్చుకోవాల్సిన అవసరం మాకు లేదు. ఉన్నవాళ్లు మూడు రోజులు అట్లా బతికితే దాన్ని సాదాజీవితం అంటున్నారు. మేము మూడొందల అరవై అయిదు రోజులూ అట్లాగే బతుకుతుంటే వెనకబాటుతనం అంటున్నారు. ఈ లెక్క ఎక్కడిది?

అసలు ఆ బొమ్మనే కొంచెం దగ్గరగా చూడండి. కోడిపిల్లల మీద బోర్లించిన గంప ఎవరు అల్లారు? పేడ ఎత్తే తట్ట, వడ్లు చెరిగే చాట, కళ్లంలో ధాన్యం మోసిన బుట్ట ఎవరి చేతి పని? ఈత బరిగెలు కోసుకొచ్చి, వెదురు దబ్బలు చీల్చి, వేళ్లు కోసుకుపోతుంటే మా అమ్మలు, అమ్మమ్మలు అల్లినవి. రైతు ఇంట్లో పశువుల కొట్టం సగం మా అల్లికల మీదే నడిచింది. పండుగ ముందు ఊళ్లోకి కొత్త చాటలు, కొత్త గంపలు తీసుకుపోతే డబ్బులు కాదు, వడ్లు కొలిచేవాళ్లు. పాత తట్టలు, చిరిగిన చాపలు భోగి మంటలోకి పోయేవి. ఇప్పుడు ప్లాస్టిక్ తట్టలొచ్చాయి. అవి భోగి మంటలో వేస్తే ఊరంతా కంపు. అయినా ఆ కంపు గురించి ఎవరూ మాట్లాడరు. కంపు అనే మాట ఊళ్లో ఒక్క జీవానికే రాసిపెట్టారు గదా.

ఆ జీవం గురించే చెప్తాం. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఆ రోజు ఎద్దుకి కాడి కట్టరు, మనుషులు ప్రయాణాలు పెట్టుకోరు. మా ఆడవాళ్లు మాత్రం చీకటితోనే లేచి బకెట్లు పట్టుకుని బయల్దేరతారు. పండుగ మూడు రోజులూ ప్రతి ఇంట్లో కుడితి ఎక్కువ. మినప్పప్పు కడిగిన నీళ్లు, పొట్టు, విరిగిపోయిన అరిసెలు, రాత్రి మిగిలిన పులిహోర. అదంతా వీధి కాలవలో పడి కుళ్లకుండా బకెట్లకెత్తి తెచ్చి, తవుడు కలిపి పందికి పోస్తాం. ఊరు పారేసిందాన్ని తిని అది ఒళ్లు చేస్తుంది. మూడు నెలల మూడు వారాల మూడు రోజులు మోసి ఈనుతుంది. ఒక్క ఈతకి ఎనిమిది, పది పిల్లలు. అందులో ఒకటి మా పిల్ల కాలేజీ ఫీజు, ఒకటి మా అయ్య కంటి ఆపరేషను, ఒకటి బియ్యం కొట్లో పాత బాకీ. బ్యాంకు మేనేజరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడకుండా మాకు దొరికిన అప్పు ఇదొక్కటే. పైసా వృథా కాకపోవటం, చెత్తనుంచి తిండి పుట్టించటం ఇంతకంటే ఎవరైనా చేశారా? పట్నంలో ఇదే పని మిషను పెట్టి చేస్తే ప్రైజులిస్తున్నారు.

మా పిల్లలు సెలవుల్లో చేసేది కూడా ఇదే. కాన్వెంటు పిల్లలు గాలిపటాలెగరేస్తుంటే మా పిల్లలు పొద్దున కుడితి మోసి, పదింటికల్లా అమ్మ వెంట మిరపచేలోకి పోతారు. జనవరి వచ్చిందంటే పల్నాడులో కాయ ఎర్రబడుతుంది. సాయంత్రానికి చేతులు మంట, కళ్లు మంట. సెలవులు గనక బడి భోజనం ఉండదు, గుడ్డూ ఉండదు. యానాది పిల్లలు వాళ్ల అయ్యలతో పాటు కోసేసిన వరి మళ్లలో ఎలుక కలుగులు తవ్వుతారు. కుండలో పొగ పెట్టి ఊదితే ఎలుక బయటికి వస్తుంది. అది దాచుకున్న వెన్నులు కలుగు లోపల ఉంటాయి. రైతుకి ఎలుకల బెడద తప్పుతుంది, వీళ్లకి కూరా గింజలూ దొరుకుతాయి. మందు చల్లకుండా చేసే ఈ పనికి కూలి ఇచ్చేవాళ్లు కొందరు, ఇవ్వనివాళ్లు కొందరు. సంక్రాంతి బొమ్మలో మాత్రం వీళ్లని వేసినవాళ్లు లేరు.

సెలవులు అయిపోగానే పిల్లలకి ఒక వ్యాసం ఇస్తారు, ‘నేను జరుపుకున్న సంక్రాంతి’ అని. మేము పంతుళ్లం గనక ఈ వ్యాసాలు ఏళ్ల తరబడి దిద్దుతున్నాం. మా పిల్లలు ఏం రాస్తారో తెలుసా? మా ఎద్దులకి స్నానం చేయించాం, కొమ్ములకి రంగులేశాం, గుమ్మడికాయ దప్పళం వండుకున్నాం అని రాస్తారు. ఎద్దు మొహం ఎరగని ఇంటి పిల్ల కూడా అదే రాస్తుంది, గైడులో అట్లా ఉంది గనక. ఒక ఏడు ఒక బడిలో నాలుగో తరగతి పిల్ల నిజం రాసింది. కనుమ నాడు మా పందిపిల్లని కడిగి పసుపు పెట్టాం, దానికి పులిహోర పెట్టాం అని. చదివిన టీచరుకి నవ్వొచ్చింది. నలుగురిలో గట్టిగా చదివి వినిపించింది. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆ పిల్లని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తర్వాత ఏడాది ఆ పిల్ల కూడా ఎద్దుల గురించే రాసింది. అక్షరదోషం ఒక్కటి లేదు. అబద్ధం రాస్తే మార్కులు, నిజం రాస్తే నవ్వులు! దీన్ని మేము చదువు అనాలా?

నవ్వేవాళ్లని ఒకటి అడుగుతాం. మీ తాతలు దాచుకున్న బంగారు నాణేన్ని వరహా అన్నారు. ఎందుకన్నారు? దాని మీద వరాహం బొమ్మ ఉండేది గనక. చాళుక్యుల రాజముద్ర వరాహం. తిరుమల పోయినవాళ్లు ముందు వరాహస్వామిని చూసి ఆ తర్వాతే వెంకన్న దగ్గరికి పోవాలంటారు. రాతిలో ఉంటే దేవుడు, నాణెం మీద ఉంటే సిరి, మా దొడ్లో ఉంటే అసయ్యం.

ఎద్దు మాకు కొత్త అని కూడా అనుకోవద్దు. ఒకప్పుడు ఎద్దులు మావే. ఉప్పు ఎరుకలు అనే మాట విన్నారా? కోస్తాలో ఉప్పు ఎత్తి, ఎద్దుల మీద గాడిదల మీద వేసుకుని ఎగువ జిల్లాలకి పోయి, అక్కడి ధాన్యం ఇక్కడికి తెచ్చినవాళ్లు మా పెద్దలు. సుగాలీలదీ అదే పని. లారీలు లేని రోజుల్లో ఈ దేశానికి ఉప్పు అందించింది ఆ ఎద్దుల మందలే. తెల్లదొరలు ఉప్పుని తమ గుప్పిట్లో పెట్టుకున్నారు, రైలు వేశారు. మన శావల్యాపురం స్టేషను మీదుగా గుంతకల్లు పోయే లైను కూడా అట్లా 19వ శతాబ్దం చివర్లో వచ్చిందే. సరుకు రైలెక్కింది, మా ఎద్దులు దిగిపోయాయి. పని పోయి ఊళ్లు తిరుగుతున్నవాళ్లని ఆదుకోవటం పోయి దొంగలన్నారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి మా పెద్దల వేలిముద్రలు తీసుకున్నారు. స్టువర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచారు. దేశానికి స్వతంత్రం 1947లో అయితే, ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఇదంతా ఏ సంక్రాంతి సంచికలో వేశారు? ఎద్దుకి పూసిన రంగు కనపడుతుంది గానీ ఎద్దు పోగొట్టుకున్నవాడు కనపడడు.

ఇక జబ్బు మాట. పందుల వల్ల మెదడువాపు వస్తుందని ప్రతి ఏడూ పండుగ ముందు ఊరు శుభ్రం చేసే పేరుతో మా మీదికి వస్తారు. మేము ఆ జబ్బు లేదని అనటం లేదు. 1999లో మన రాష్ట్రంలో పిల్లలు చనిపోయిన సంగతి మాకు గుర్తుంది. పంది ఒంట్లో ఆ క్రిమి పెరిగే మాట నిజం. అయితే మొత్తం చెప్పండి. దాన్ని మోసేది దోమ. ఆ దోమ పుట్టేది నీళ్లు నిలిచిన వరి మళ్లలో. కొంగల్లోనూ ఆ క్రిమి ఉంటుంది. వరి మడిని ఊరవతలికి తోలమని, కొంగని కాల్చమని ఎవరూ అనలేదే? పిల్లలకి టీకా ఉంది, 2006 నుంచి మన దేశంలో వేస్తున్నారు. టీకా వేయించటం, మురుగు పోయే దారి చూడటం, పందులకి ఊరికి ఎడంగా గట్టి దొడ్డి కట్టించటం, ఇవీ చేయాల్సిన పనులు. తెల్లారేసరికి వ్యాను పెట్టి జీవాల్ని ఎత్తుకుపోవటం వైద్యం కాదు. పందులు చేలల్లో పడి తవ్వుతాయని రైతులు అనే మాట న్యాయమే. దొడ్డి కట్టుకోవటానికి అయిదు సెంట్ల చోటు చూపించండి, అప్పుడు ఒక్క పంది చేలో పడితే మమ్మల్ని అడగండి.

పథకాలు లేక కాదు. జాతీయ పశుసంవర్ధక మిషన్ 2021లో మారిన తర్వాత పందుల పెంపకానికి సగం రాయితీ, 30 లక్షల రూపాయల దాకా ఇస్తామన్నారు. ఎన్ని పందులకి? 100 ఆడవి, 10 మగవి. భూమి చూపించాలి, బ్యాంకు అప్పు చూపించాలి. మూడు పందులున్న ఎరుకల నాగమ్మకో పోలమ్మకో ఆ కాగితం అందుతుందా? తరాలుగా పంది పేరు చెప్పి మమ్మల్ని దూరం పెట్టినవాళ్లే రేపు షెడ్లు వేసి తెల్లపందులు పెంచి రాయితీ తీసుకుంటారు. అప్పుడు దాన్ని వ్యాపారం అంటారు. గాలికుంటు టీకా సంగతీ అంతే. 2019లో మొదలైన కేంద్ర పథకంలో ఆవు, గేదె, గొర్రె, మేకలతో పాటు పంది పేరూ రాశారు. మా వీధికి సూది పట్టుకుని వచ్చినవాళ్లని మేము ఇంతవరకు చూడలేదు. పైగా మేము మైదానం ఆదివాసులం. షెడ్యూల్డు ప్రాంతం చట్టాలు పల్నాడుకి వర్తించవు. కొండమీదివాళ్లకి కొద్దో గొప్పో ఉన్న నేల హక్కు మాకు అదీ లేదు.

పండుగలు మానుకోమని మేము అనం. ఎద్దుకి పూజ చేయండి, బాగుంటుంది. గంగిరెద్దులాయనకి చాటలో బియ్యం పోయండి. ‘మన సంక్రాంతి’ అన్నప్పుడు ఆ ‘మన’లో మమ్మల్ని కలుపుకున్నారో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి. తోటి పంతుళ్లకి ఇంకో మాట. ఈసారి వ్యాసం ఇచ్చేటప్పుడు మీ ఇంట్లో ఏ జీవం ఉందో, దానికి పండుగ నాడు ఏం పెట్టారో రాయమనండి. పంది అని రాసినా, మేక అని రాసినా, ఏమీ లేదు మిరపకాయలు కోశాం అని రాసినా చదివి మార్కులేయండి. ఎవరైనా నవ్వితే ఆపండి.

మా వరకు మేము ఈ సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాస్తున్నాం. ఏ ఇంటికి ఎన్ని పందులు, ఎన్ని మేకలు, ఎన్ని కోళ్లు, అల్లిక తెలిసినవాళ్లు ఎంతమంది, సొంత చోటు ఎంతమందికి లేదు అని. పండుగ తర్వాత జరిగే గ్రామసభలో ఆ కాగితం పెట్టి మూడు అడుగుతాం: పోరంబోకులో దొడ్లకి చోటు, నెలకోసారి పశువుల డాక్టరు మా వీధికి రావటం, మూడు పందులున్న ఇంటికి కూడా అప్పు. సంతకం వచ్చినవాళ్లు సంతకం పెడుతున్నారు, రానివాళ్లు వేలిముద్ర వేస్తున్నారు. ఈసారి ఆ వేలిముద్ర మా అంతట మేము వేస్తున్నది.