పసివారి మనోభావములు – ఆటల ఆవశ్యకత

పసితనము చీకుచింత లేని కాలమని మనము తరచుగా చెప్పుకొంటాము. ఆ మాట పెద్దలకు ఊరట నిచ్చునదే గాని పూర్తిగా నిజము కాదు. నాలుగైదేండ్ల బిడ్డకు కూడ భయము, కోపము, అసూయ, దిగులు ఉంటాయి. లేనిది వాటిని చెప్పుకొనుటకు తగిన మాట. ఇంట తమ్ముడు పుట్టినపుడు, తల్లి ఒడి తనది కాకుండా పోయినదన్న బాధను ఆ బిడ్డ వాక్యముగా కూర్చలేడు. అన్నము మాని, పక్క తడిపి, బడికి పోనని మారాము చేసి తెలుపుతాడు. మనము దానికి మొండితనమని పేరు పెట్టి దండిస్తాము.

"ఏమయింది? ఎందుకేడుస్తున్నావు? చెప్పు" అని నిలదీసినచో పసివాడు మరింత ముడుచుకొని పోతాడు. ఆ ప్రశ్న వానికి విచారణవలె తోస్తుంది. అదే బిడ్డ చేతికి ఒక గుడ్డబొమ్మ నిచ్చి, "ఈ పాప మూలన ఎందుకు కూర్చున్నది?" అని అడిగి చూడండి. "దీనికి చీకటంటే భయం" అనవచ్చును. "దీనితో ఎవరూ ఆడరు" అనవచ్చును. తన బాధను మరొకరిదిగా చేసి చెప్పుకొనే వీలు ఆటలో కలదు. అందుచేతనే పసివారి మనసు తెలిసికొనుటకు ఆటను మించిన మార్గము లేదని మేము విశ్వసిస్తున్నాము.

ప్రేమ్‌చంద్ 1933లో ప్రకటించిన "ఈద్గాహ్" కథను మన విద్యార్థులలో పలువురు చదివియే ఉందురు. తల్లిదండ్రులు లేని హమీద్ తన వద్దనున్న మూడు పైసలతో అవ్వకు పట్టకారు కొంటాడు. తోటివారి మట్టిబొమ్మలపై అతని మనసు పోకపోలేదు. కాని ఆ వెలితిని అతడు ఏడ్చి చెప్పడు. తన పట్టకారును మహావీరునిగా నిలిపి, ఇతరుల బొమ్మలపై గెలిపించి, ఆ ఆటలోనే తన అభిమానమును నిలుపుకొంటాడు.

విద్యావేత్తలు కూడ ఈ సత్యమును గుర్తించినారు. జర్మనీ దేశపు ఫ్రోబెల్ 1837లో నెలకొల్పిన శిశువిద్యాలయము ఆటపైననే నిలిచినది. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఆట ద్వారా చికిత్సను గురించి గ్రంథము వ్రాసి, బిడ్డను ఉన్నది ఉన్నట్లుగా అంగీకరించవలెనని, తొందర పెట్టరాదని, దారి చూపవలసినది బిడ్డయేనని బోధించినది. మన దేశములో 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము 3 మొదలు 8 ఏండ్ల వరకు గల పిల్లల విద్యలో ఆటకు ప్రధాన స్థానమిచ్చినది. మనకు మిగిలినది ఆచరణ.

ఆచరణకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. తెలుగువారింట బొమ్మల పెండ్లి, ఉర్దూవారింట గుడియా కీ షాదీ – ఆట ఒక్కటే. అత్తవారింటికి పోయే బొమ్మ ఏమనుకొంటున్నదో అడిగినచో, ఎడబాటును గురించి బిడ్డకు గల దిగులు బయటపడవచ్చును. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినవారు తమకు సంతోషము కలిగించిన సంగతి ఒకటి, పాము నోట పడినవారు కోపమో భయమో కలిగించిన సంగతి ఒకటి చెప్పవలెనని నియమము పెట్టవచ్చును. బంకమట్టితో నవ్వు మొగము, ఏడ్పు మొగము, కోపపు మొగము చేసి, "ఈ రోజు నీ మొగము ఏది?" అని అడుగవచ్చును. పెద్దలు కూడ తమ వంతు నిజాయితీగా ఆడవలెను. "నిన్న నాకూ కోపం వచ్చింది" అని తండ్రి చెప్పినపుడే, కోపము నేరము కాదని, దానిని మాటలలో చెప్పవచ్చునని బిడ్డ గ్రహిస్తాడు.

మనవంటి వారి ఇండ్లలో గమనింపదగిన విషయము మరియొకటి కలదు. బడి భాష తెలుగో ఆంగ్లమో కావచ్చును గాని, పసివాని భయము ఇంటి భాషలోనే పలుకుతుంది. "డర్ లగ్తా" అన్న బిడ్డను "తెలుగులో చెప్పు" అని ఆపినచో ఆ భయము తిరిగి లోపలికే పోతుంది. తెలుగు బోధించుటయే వృత్తిగా గల మేము ఆలోచించియే అంటున్నాము: ఆటవేళ భాషను దిద్దవద్దు.

ఇట్టి ఆటలు పిల్లలను గారాబముతో చెడగొట్టునని కొందరు వాదిస్తారు. భావమును అంగీకరించుట వేరు, చేష్టను అంగీకరించుట వేరు. తమ్మునిపై కోపము రావచ్చును, తమ్ముని కొట్టరాదు. ఈ భేదమును బిడ్డకు తెలుపుటకు కూడ ఆటయే మంచి అవకాశము.

అయితే ఆటను ఎరగా వాడరాదు. చెప్పనన్న బిడ్డను బలవంతపెట్టరాదు. విన్న సంగతిని చుట్టాల నడుమ చెప్పి నవ్వరాదు. అట్లు నవ్వులపాలైన బిడ్డ మరల నోరు విప్పడు. బొమ్మ పేరిట పలికిన ప్రతి మాటను సాక్ష్యముగా తీసికొనరాదు. కాని ఎవరో హింసించుచున్న జాడ కనిపించినచో ఆటతో సరిపెట్టక, వైద్యునో, 1098 సంఖ్యగల బాలల సహాయ కేంద్రమునో ఆశ్రయించవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు ఇంట చిన్నవారికి అన్నలు, ఆపాలు. కొందరు రేపటి ఉపాధ్యాయులు. రోజుకు పావుగంట చిన్నవారితో కూర్చుండి ఆడండి. అధికముగా వినండి, అల్పముగా మాట్లాడండి. కళాశాల పాలకవర్గము వారికి కూడ మా మనవి ఒకటి కలదు. జాతీయ సేవా పథకపు విద్యార్థులకు తగిన శిక్షణ ఇప్పించి, వారానికొక సాయంకాలము సమీపముననున్న ప్రాథమిక పాఠశాలకో అంగన్‌వాడీకో పంపవలెను. కొన్ని గుడ్డబొమ్మలు, ఒక వైకుంఠపాళి పటము, కొంత బంకమట్టి – వ్యయము ఇంతియే. తన బాధను చెప్పుకొన నేర్చిన బిడ్డ, పెద్దవాడైన పిదప ఎదుటివారి బాధను కూడ వినగలడని మా నమ్మకము.