ఆకాశం తేటగా ఉందని మోసపోకండి

వేసవి సెలవులిస్తే చాలు, మధ్యాహ్నం మూడింటికల్లా పిల్లలు బ్యాటు పట్టుకుని మైదానంలో ఉంటారు. పైన ఆకాశం నీలంగా, తేటగా ఉంటుంది. పొగ జాడే ఉండదు. తల్లులారా, తండ్రులారా, సరిగ్గా ఆ వేళకే నగరాల గాలిలో ఓజోన్ బాగా పెరిగి ఉంటుంది. ఎండ చల్లబడేదాకా వాళ్లను ఆపండి.

ఎక్కడో ఎత్తున ఉండి మనకు గొడుగు పట్టే ఓజోన్ గురించి కాదు నేను చెప్పేది. నేల మీద, మన ముక్కు దగ్గర తిరిగే ఓజోన్ గురించి. ఇది ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. వాహనాలు, ఫ్యాక్టరీలు, జనరేటర్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింట్లు, థిన్నర్ల ఆవిర్లతో కలిసి ఎండలో ఉడికితే పుడుతుంది. దానికి రంగు లేదు. దుమ్మును ఆపే మాస్కు దీన్ని ఆపలేదు, ఎన్-95 అయినా సరే.

శివార్లలో ఇల్లు కట్టుకున్నాం, మాకేం భయమనుకోకండి. రద్దీ రోడ్డు మీద వాహనాల తాజా పొగే కొంత ఓజోన్‌ను తినేస్తుంది. గాలివాటున శివారుకు చేరాక తినేది తక్కువ, మిగిలేది ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో బళ్లు ఆగిపోయినా కొన్ని నగరాల్లో ఓజోన్ పెరిగింది. అంత మొండిది ఇది.

గొంతు గరగర, వదలని పొడిదగ్గు, గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, ఆడివచ్చిన పిల్లాడి గుండెల్లో పిల్లికూతలు. ఇవి కనిపిస్తే వడగాలి అనో, జలుబు అనో తీసిపారేయకండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ లేకుండా గడప దాటవద్దు. ఆయాసం తగ్గకపోయినా, పెదాలు నీలిబారినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మన దేశంలో ఓజోన్‌కు పెట్టిన హద్దు 8 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో మీ నగరం గాలి ఎలా ఉందో రోజూ చూడండి. ఓజోన్ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం కిటికీలు మూసి ఉంచితే ఇంట్లోకి వచ్చేది బాగా తగ్గుతుంది. చెత్త, ఎండుటాకులు తగలబెట్టకండి. పెట్రోలు పొద్దుపోయాక పోయించుకోండి.

అధికారులకూ ఒక విన్నపం. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ముఖ్యంగా ధూళి కణాల మీదే దృష్టి పెట్టింది. ఓజోన్‌నూ లెక్కలోకి తీసుకోండి, హద్దు దాటే రోజున బడులకు ముందే కబురు పెట్టండి.

మేస్త్రీలూ, కూలీల బరువు పనులు పొద్దున్నే ముగించండి. పీఈటీ మాస్టార్లూ, వేసవి శిబిరాన్ని రేపటి నుంచే ఉదయం ఆరింటికి మార్చండి.