షజరాలో లేని పేరు

ప్రతి సంవత్సరము క్రొత్త తరగతిలో హాజరు పట్టీ పిలిచిన పిదప విద్యార్థులను నేను రెండు ప్రశ్నలు అడుగుతూ ఉంటాను. మీ తాతగారి తండ్రి పేరేమి? సగము మంది తడుముకొనకుండ చెబుతారు. మీ నాయనమ్మగారి పేరేమి? ఒకరి ముఖము ఒకరు చూచుకొంటారు. "దాదీ అనే పిలుస్తాం సార్" అని ఎవరో వెనుక బెంచి నుండి అంటారు, తరగతి నవ్వుతుంది. ఆ అబ్బాయి అబద్ధము చెప్పలేదు.

వారిని తప్పుపట్టే అర్హత నాకును లేదు. మా ఇంటిలో ఆకుపచ్చ గుడ్డలో చుట్టి దాచిన షజరా ఒకటి ఉన్నది. తండ్రి క్రింద కొడుకు, కొడుకు క్రింద మనుమడు, ఏడు తరముల పేర్లు చక్కని ఉర్దూ దస్తూరిలో వ్రాసి ఉన్నవి. అందులో ఒక్క స్త్రీ పేరు లేదు. ఏడు తరములు స్త్రీల ప్రమేయము లేకుండానే వర్ధిల్లినట్లు! మన ఒంగోలు జాతి పశువులు సముద్రము దాటి బ్రెజిల్ దేశము చేరి, అక్కడ 'నెలోరే' అను పేరుతో లెక్కకు మిక్కిలిగా వృద్ధిచెందినవి. (1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు కూడ నెల్లూరు జిల్లాలోనిదే.) అక్కడి పశుపోషకులు మేలుజాతి దూడ పుట్టగానే తండ్రితోపాటు తల్లిని కూడ వంశావళి పుస్తకమునకు ఎక్కిస్తారు. పోలిక మోటుగా ఉన్నదని నాకు తెలుసు. అయినను షజరా విప్పినప్పుడల్లా అదే గుర్తుకు వస్తున్నది.

మా దాదీ 1950 దశకములో వెంకటాచలమునకు దగ్గరి పల్లెలో కోడలిగా అడుగుపెట్టినది. అప్పటికి మా దాదాకు దరఖాస్తు పట్టాగా దక్కినది రెండెకరముల పైచిలుకు చౌడు. సర్వేపల్లి కాలువ చివరి భూమి అది. ఎగువ మడులు తడిసిన పిమ్మట మిగిలినదే దానికి నీరు. తెల్లగా ఉప్పు పొంగిన నేలలో తుమ్మ తప్ప మరేమియు మొలిచేది కాదట. చౌడును మడి చేయుట ఒక ఏటి పని కాదు. తుమ్మ కొట్టి, గట్లు వేసి, నీరు నిలిపి, ఆ ఉప్పునీటిని మరల తీసివేయవలెను. జిల్లేడు, కానుగ, వెంపలి రొట్ట తెచ్చి మడిలో తొక్కవలెను. వేసవిలో గొర్రెల మంద కట్టించవలెను. దాదా దున్నినాడు, గట్లు వేసినాడు. రొట్ట మోసినది, తొక్కినది, మందకాపరులకు సంకటి వండి పెట్టినది దాదీ. నాలుగవ ఏట గాని చౌట్లో వెన్ను కనబడలేదు.

మావారిలో స్త్రీలు పొలమునకు పోరని సభలలో కొందరు పెద్దలు గర్వముగా చెప్పగా విన్నాను. ఆ మాట చెప్పగలవారికి మాగాణి ఉండి ఉంటుంది, కూలివారిని పిలిచే స్తోమత కూడ ఉండి ఉంటుంది. ముసుగు తలపైనే ఉండగా మోకాలి లోతు బురదలో నాట్లు వేసిన స్త్రీలను నేను మా ఇంటిలోనే చూచినాను.

విత్తనము సంగతి పూర్తిగా ఆమెదే. మొలగొలుకులు పండిన రోజులలో కళ్ళమునుండి ఏరిన మేలు వెన్నులను వేరుగా నలిపి, ఎండబెట్టి, వేపాకు కలిపి కుండలో పోసి మూతికి పేడ మెత్తేది. ఆ కుండ జోలికి దాదా కూడ పోయేవాడు కాదు. 1966 తరువాత ఐ.ఆర్.8 వచ్చినపుడు ఆమె మూడేండ్లు దానిని నమ్మలేదు. అన్నము పిడచకట్టినదని ఆమె ఫిర్యాదు. మొలగొలుకుల అన్నము తిన్న నోటికి అది సహజమే.

ఆమెకు ఏడుగురు పుట్టి నలుగురు మిగిలినారు. ఫలానా బిడ్డ ఏ సంవత్సరములో పుట్టినదని అడిగితే అంకె చెప్పేది కాదు. "చౌట్లో మొదటిసారి వెన్నుతీసిన కారులో" అనేది. మరొక బిడ్డ కసుమూరు గంధమునకు మూడు దినములు ముందు. 1984 నవంబరు తుపానుకు ఇంటికప్పు లేచిపోయిన రాత్రి, గాదెలోని వడ్లపై చాపలు, దుప్పట్లు కప్పి తాను తడిసినది. మా కుటుంబ చరిత్రకు తేదీలు ఆమె వద్దనే ఉండినవి. మా అబ్బాజాన్ వద్ద షజరా మాత్రమే ఉన్నది.

ఇక ప్రభుత్వపు పుస్తకములు. కరణము అడంగలులో పట్టాదారు దాదా, సాగుదారు దాదా. 1984లో కరణముల వంశపారంపర్య పదవులు రద్దయినవి; మా గడిలో మాత్రము పేరు మారలేదు. దాదా గతించిన తరువాత పట్టా కొడుకుల పేరుకు మారినది. షరీఅత్ ప్రకారము పిల్లలు గల భార్యకు ఎనిమిదవ వంతు. 1937 నాటి షరీఅత్ చట్టము వ్యవసాయ భూమిని మినహాయించినను, 1949లో మద్రాసు రాష్ట్రము చేసిన సవరణ ఆ మినహాయింపును తొలగించినది. అనగా మా దాదీ కోడలిగా వచ్చేనాటికే చట్టము ఆమె పక్షమున ఉన్నది. హైందవ సోదరీమణులకు 1956 నాటి వారసత్వ చట్టము, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన హక్కునిచ్చిన 1985 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ ఉన్నవి. అయినను 2015-16 వ్యవసాయ గణాంకముల ప్రకారము దేశములో స్త్రీల చేతిలోని కమతములు నూటికి సుమారు 14 మాత్రమే. చట్టము పుస్తకములో ఉన్నది, దాదీ వంటింటిలో ఉన్నది. మధ్యలో ఉన్నవారము మేము. ఆమెకు ఎవరును లేదనలేదు. ఎవరును ఇవ్వలేదు. ఆమె అడుగలేదు కావున ఆ ప్రస్తావనే రాలేదు.

నేను ఎం.ఏ. చదువుచున్న కాలమున ఆ భూమి అమ్మవలసి వచ్చినది. కొనుగోలుదారుని వకీలు మాత్రము జాగ్రత్తపరుడు. వితంతువు, కుమార్తెలు హక్కు విడుదల దస్తావేజు వ్రాసి ఇవ్వనిదే డబ్బు ముట్టదన్నాడు. ఆ కాగితము ఆమెకు చదివి వినిపించిన వాడిని నేనే. వేలు పట్టుకొని ముద్ర ఎక్కడ వేయవలెనో చూపిన వాడిని కూడ నేనే. అంతా విని ఆమె ఒకే మాట అడిగినది.

"అయితే ఇన్నాళ్ళూ అది నాది కూడానా?"

పద్య వ్యాఖ్యానములు కంఠస్థమైన నాకు ఆ ప్రశ్నకు సమాధానము దొరకలేదు. ఆ భూమికి సంబంధించిన కాగితములలో ఆమె పేరు మొదటిసారి చేరినది ఆనాడే, దానిని విడుచుకొనుటకు. ఆమె వ్రేలి సిరాను కొంగుకు తుడుచుకొని పొయ్యి దగ్గరకు పోయినది.

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము ద్వారా అమెరికా ప్రభుత్వము 160 ఎకరముల చొప్పున భూమి పంచినపుడు కూడ భర్త గల స్త్రీకి సాధారణముగా తన పేర పట్టా లేదు. కాని ఆ పచ్చికబయళ్ళను దున్నిన ఇల్లాండ్ర ఉత్తరములను, దినచర్యలను ఆ దేశపు గ్రంథాలయములు తరువాత ఏరి భద్రపరచినవి. మనకు అటువంటి రచనలు అరుదు. మన జిల్లాలో పొణకా కనకమ్మగారు ఉన్నారు. 1892లో పుట్టి, బాల్యములోనే పొట్లపూడి రైతు కుటుంబమునకు కోడలై వచ్చిన ఆమె పల్లిపాడు ఆశ్రమమునకు భూమినిచ్చినారు, జైలుకు వెళ్ళినారు, నెల్లూరులో కస్తూరిదేవీ విద్యాలయము స్థాపించినారు. 1963లో కన్నుమూసిన ఆమె స్వీయచరిత్ర 'కనకపుష్యరాగం' పుస్తకరూపమున వెలువడినది 2011లో. అంతటి సంపన్న గృహిణి, అంతటి విదుషి వ్రాసిన మాటలకే అర్ధశతాబ్దము పట్టినది. వ్రేలిముద్ర వేసిన వారి మాట ఎవరు వ్రాయవలెను?

స్త్రీల పేర్లు అచ్చువేయుట మర్యాద కాదని కొందరు పెద్దలు అనవచ్చును. వారికి నా సవినయ మనవి: నికాహ్ జరిగిననాడు ఖాజీగారి సియాహాలో వధువు పేరు, మెహర్ మొత్తము వ్రాసినదాకా మన పెద్దలు లేవరు. మా దాదీ పూర్తి పేరు నాకు దొరికినది అక్కడనే. ఆ పేరును ఈ వ్యాసమునకు శీర్షికగా పెట్టవలెనని తలచితిని. ఇంటివారు ఒప్పుకొనలేదు. నా వాదము మా ఇంటి గడపలోనే ఓడిపోయినదని విద్యార్థులు నవ్వుకొనవచ్చును, నాకు అభ్యంతరము లేదు.

కళాశాల కార్యవర్గమునకు నా ప్రతిపాదన చిన్నది. రాబోవు వేసవి సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటి వృద్ధ స్త్రీ ఎదుట కూర్చుండి, ఉర్దూలోనో తెలుగులోనో ఇరువది పుటలు వ్రాసి తేవలెను. గొప్ప సంగతులు అక్కరలేదు. ఏ విత్తనము ఎట్లు దాచినది, కాన్పు ఎవరు చేసినారు, తాకట్టుకు పోయిన నగ తిరిగి వచ్చినదా లేదా, ఈ మాత్రము చాలును. "ఏముందిరా నాయనా రాసేదానికి?" అని వారు తప్పక అంటారు. మా దాదీ కూడ అన్నది. లేచి రావద్దు. ఆ పుటలను జిల్దు కట్టించి గ్రంథాలయములో ఒక అర కేటాయించుటకు అయ్యే ఖర్చు వార్షికోత్సవ పూలదండల ఖర్చును మించదు.

తెల్లకాగితముల పుస్తకములు తెలుగు శాఖలో నా వద్ద ఉన్నవి. ఒకటి ఇప్పటికే నేను తీసుకొన్నాను. దాదీ ఇప్పుడు లేదు. మా ఫుప్పూ ఉన్నది. విత్తనపు కుండకు పేడ మెత్తుట ఆమె చిన్ననాటి పని. గత శుక్రవారము ఆమె రెండు గంటలు మాట్లాడినది, నేను పదకొండు పుటలు వ్రాసినాను. మొదటి పుట ఇంకను ఖాళీగా ఉన్నది. అక్కడ పేరు వ్రాయుటకు ఆమె అనుమతి అడిగినాను. ఆలోచించి చెబుతానన్నది.