ఆరు గుణకారాలా, మూడా?
శ్రీహరికోట నుంచి లేచే రాకెట్‌ను నెల్లూరు తీరంలోని పిల్లలు డాబా ఎక్కి చూస్తారు. యంత్రం చేత లెక్కను పొదుపుగా చేయించే విద్య మాత్రం వాళ్లకు తరగతిలో అరుదుగా అందుతుంది. జేఈఈ మెయిన్‌లో కాలిక్యులేటర్ నిషిద్ధం కాబట్టి ఇంటర్‌లోనూ దాన్ని పక్కన పెట్టేస్తున్నాం. ఇది తప్పు. 1985లో వచ్చిన తొలి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కాసియో ఎఫ్‌ఎక్స్-7000జీలో ప్రోగ్రాములకు దొరికే చోటు 422 బైట్లే. అంత ఇరుకులో చిన్న ఆట రాయాలన్నా ప్రతి ఆదేశాన్నీ తూచి వాడాలి. ఉదాహరణకు, మూడో ఘాతపు బహుపదిని పదం పదంగా విడిగా గణిస్తే ఆరు గుణకారాలు. ఎక్స్‌ను ఉమ్మడిగా తీస్తూ హార్నర్ పద్ధతిలో మడిస్తే మూడే. జవాబు అదే, శ్రమ సగం. పరీక్ష హాల్లో నిషేధం ఉండనీయండి. కాలేజీలో వారానికో పీరియడ్ మాత్రం పిల్లల చేత కాలిక్యులేటర్‌కు ప్రోగ్రాములు రాయించండి.