కీమోథెరపీ లెక్కలలో కార్మికుని జిల్లా ఏది?

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా అరువది యేండ్లు దాటిన పురుషులకు వస్తున్నది. అనగా కార్మికుడు ఉద్యోగ విరమణ చేసి, నెల జీతము ఆగిపోయిన తరువాత. అందుచేత ఇది వైద్యులు మాత్రమే చర్చించుకోవలసిన విషయమని మేము భావించడము లేదు.

వ్యాధి ఎముకలకు పాకినప్పుడు వాడే కీమోథెరపీ మందులలో డోసిటాక్సెల్ ముఖ్యమైనది. ఇది రోగి ఆయుస్సును పొడిగించగలదని 2004లోనే రుజువైనది. సాధారణముగా మూడు వారములకొకసారి, ఆరు నుండి పది పర్యాయములు ఈ మందును నరమునకు ఎక్కిస్తారు. ప్రతిసారీ రక్తపరీక్ష, ప్రయాణము, తోడు వచ్చిన కుమారునికి కూలి నష్టము తప్పవు.

మరి ఏ జిల్లాలో ఎందరికి ఈ చికిత్స అందుతున్నది? భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమమును ఆరంభించినది. జనాభా ఆధారిత రిజిస్ట్రీలు ప్రధానముగా కొత్త కేసులను, మరణములను లెక్కిస్తాయి. వాటి పరిధిలోనికి వచ్చినది దేశ జనాభాలో ఐదవ వంతు లోపే. చికిత్స వివరములు ఆసుపత్రుల రిజిస్ట్రీలలో ఉంటాయి. ఆసుపత్రి గడప తొక్కలేని వాడు ఆ లెక్కకే రాడు. బీహారు నుండి రైలెక్కి ముంబయి చేరిన రోగి ముంబయి ఆసుపత్రి పట్టికలో చేరుతాడు. అతని జిల్లాలో చికిత్స లేదన్న సత్యము మరుగున పడుతుంది.

శాతము తక్కువైన ప్రతి చోటా అన్యాయము జరిగినదని కూడా అనలేము. వయోభారము వలన కీమోథెరపీకి తగనివారు ఉంటారు. అబిరాటిరోన్ వంటి మాత్రలు వాడేవారూ ఉంటారు. కనుక వయస్సు, వ్యాధి దశ, చికిత్స ఇవ్వకపోవడానికి కారణము నమోదు కావాలి. వైద్యుడు వద్దన్నాడా? డబ్బు లేక రోగియే మానుకున్నాడా? ఈ రెండూ ఒకే గడిలో పడరాదు.

ఇంగ్లండు, వేల్సులలో 2013లో ఆరంభమైన జాతీయ ప్రోస్టేట్ క్యాన్సర్ ఆడిట్ ఆసుపత్రుల వారీగా వివరములు ప్రచురిస్తున్నది. ఇక్కడ మాత్రము అసాధ్యమా? ఇ.ఎస్.ఐ. కానీ, ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకములు కానీ చిట్టా లేకుండా ఆసుపత్రుల బిల్లులు చెల్లించవు కదా! చెల్లింపు కొరకు లెక్క ఉన్నది. ప్రజల కొరకు లేదు.

రోగుల పేర్లు బయటపెట్టకుండా, నివాస జిల్లాను, పూర్వ వృత్తిని బట్టి ఈ లెక్కలను ఏటేటా ప్రచురించాలని మేము డిమాండు చేస్తున్నాము. అన్ని శాఖలూ విశ్రాంత కార్మికులను కలుపుకొని, తమ మహాసభలలో ఈ మేరకు తీర్మానము చేయవలసినదిగా కోరుతున్నాము.