చొక్కా పుట్టినూరు

ఐరోపా రేవులో దిగిన చొక్కాకు మొదట తేలవలసినది దాని జన్మస్థలం. ఐరోపా సమాఖ్య దేశాలు దిగుమతి దుస్తులలో అత్యధిక భాగంపై 12 శాతం సుంకం విధిస్తాయి. చొక్కా అత్యల్పాభివృద్ధి దేశంలో పుట్టినదని రుజువైతే ఆ సుంకం ఉండదు. లాభం స్వల్పంగా ఉండే ఈ వ్యాపారంలో ఆర్డరు ఏ దేశానికి దక్కాలో నిర్ణయించడానికి ఆ 12 శాతమే చాలు.

ఈ రాయితీల భావనకు న్యూఢిల్లీతో సంబంధం ఉంది. వర్ధమాన దేశాల సరకులకు, ప్రతిఫలం కోరకుండా, సుంకాలు తగ్గించాలని 1968లో అక్కడ జరిగిన ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి మహాసభ తీర్మానించింది. ఐరోపా పథకం 1971లోనూ, అమెరికా పథకం 1976లోనూ అమలులోకి వచ్చాయి. అయితే అమెరికా దుస్తులను చాలావరకు మినహాయించింది. పేద దేశాలు తేలికగా తయారు చేయగల సరకు ఏదో, దానికే తలుపు మూసింది. పైగా 1974 నుంచి 2004 చివరి వరకు సంపన్న దేశాలు వస్త్ర దిగుమతులకు కోటాలు కూడా విధించాయి.

చిత్రమేమంటే, ఆ కోటాలే బంగ్లాదేశ్‌కు దారి చూపాయి. కోటాలతో చేతులు కట్టుబడిన దక్షిణ కొరియా సంస్థ డేవూ, అప్పటికి కోటా లేని ఆ దేశంలోని దేశ్ గార్మెంట్స్‌తో పొత్తు కుదుర్చుకుంది. 1979లో సుమారు 130 మంది కొరియా వెళ్ళి పని నేర్చుకున్నారు. అనంతరం వారిలో పలువురు సొంత కర్మాగారాలు స్థాపించారు. నేడు ఆ పరిశ్రమ సుమారు 40 లక్షల మందికి జీవనాధారం. వారిలో సగానికి పైగా స్త్రీలే.

2001లో ఐరోపా సమాఖ్య ‘ఆయుధాలు తప్ప అన్నీ’ అనే పథకం కింద అత్యల్పాభివృద్ధి దేశాల సరకులన్నింటికీ సుంకం ఎత్తివేసింది. కాని దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్లు, జన్మస్థల నిబంధన అడ్డు నిలిచింది. దుస్తులు ఆ దేశంలో పుట్టినవిగా గుర్తింపు పొందాలంటే రెండు దశలు అక్కడే జరగాలి: నూలు గుడ్డ కావాలి, గుడ్డ దుస్తు కావాలి. బనియన్ల వంటి అల్లిక దుస్తులకు ఇది సాధ్యమైంది; అల్లిక యంత్రాలకు పెట్టుబడి తక్కువ. చొక్కాలకు, ప్యాంట్లకు కావలసిన నేతగుడ్డ చాలావరకు చైనా, భారతదేశాల నుంచి వచ్చేది. కుట్టు మాత్రమే బంగ్లాదేశ్‌ది గనుక వాటికి రాయితీ దక్కేది కాదు. 2011 జనవరి 1 నుంచి కుట్టు ఒక్కటే చాలునని నిబంధన మార్చడంతో నేతగుడ్డ దుస్తులకూ ద్వారం తెరుచుకుంది.

2013 ఏప్రిల్ 24న సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. రెండు నెలలకు అమెరికా బంగ్లాదేశ్‌కు తన రాయితీలను నిలిపివేసింది. దుస్తులకు ఆ రాయితీ ఏనాడూ లేదు గనుక ఆ శిక్ష దుస్తుల పరిశ్రమను నేరుగా తాకనే లేదు.

అత్యల్పాభివృద్ధి హోదా శాశ్వతం కాదు. బంగ్లాదేశ్ ఆ జాబితా నుంచి వైదొలగవలసిన తేదీగా 2026 నవంబరు 24ను ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2021లో నిర్ణయించింది. హోదా ముగిశాక మరి మూడేళ్ళు ఐరోపా రాయితీ కొనసాగుతుంది. ఆ తరువాత మిగిలిన ఏ రాయితీ కోరినా పాత రెండు దశల నిబంధనే ఎదురవుతుంది. కుట్టుమిషన్లు నెలలలో అమర్చవచ్చు. నేత, అద్దకం మిల్లులకు భారీ పెట్టుబడి, విద్యుత్తు, నీరు, ఏళ్ళ కాలం కావాలి.

సుంకం రాయితీ ఇచ్చేది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో మగ్గాలు నిలిపిన దేశానికి అది పెట్టుబడి అవుతుంది. కుట్టుతోనే తృప్తి పడిన దేశానికి గడువు ముగిసిన నాడు 12 శాతం మళ్ళీ రేవులోనే ఎదురవుతుంది. ఆ భారం చివరకు పడేది ఆర్డరు తప్పిపోయిన కర్మాగారంలో కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీ మీదనే.